శనివారం వాన, శుక్రవారం జీతం: ఒక నాన్-లీగ్ ఫుట్‌బాల్ క్లబ్బు కేస్ స్టడీ

ఇంగ్లాండ్‌లో అప్పుల్లో కూరుకుపోయిన చిన్న కంపెనీలను గట్టెక్కించడం, గట్టెక్కే దారి లేనివాటిని పద్ధతిగా మూయించడం నా పని. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా రెస్టారెంట్లు, కేర్ హోమ్‌లు, చిన్న రవాణా కంపెనీలు. ఫుట్‌బాల్ క్లబ్బు రావడం అరుదు. ఏ శుక్రవారం నాటికి గల్లాపెట్టె ఖాళీ అవుతుందో ముందుగా తెలిస్తే ఎన్ని దారులు తెరుచుకుంటాయో ఈ కేసులో కళ్లారా చూశాను, అందుకే రాస్తున్నాను. ఇక్కడి తెలుగు సంఘాల్లో కోశాధికారులుగా ఉన్న మిత్రులకు కూడా పనికొస్తుందని నమ్మకం. క్లబ్బు పేరు, ఊరు, ఏ సీజన్ అన్నది చెప్పను. మనుషులను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

మనలో చాలామందికి ఇంగ్లిష్ ఫుట్‌బాల్ అంటే ప్రీమియర్ లీగ్. దాని కింద చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ. ఈ నాలుగు అంచెల్లో కలిపి 92 క్లబ్బులు. ఆ కిందదంతా నాన్-లీగ్. ఐదో అంచె నేషనల్ లీగ్, ఆరోది నేషనల్ లీగ్ నార్త్, సౌత్. ఏడో అంచెలో నార్తర్న్ ప్రీమియర్, సదరన్, ఇస్త్మియన్ లీగ్‌లకు చెందిన ప్రీమియర్ డివిజన్లు నాలుగున్నాయి. ఒక్కోదాంట్లో 22 జట్లు, సీజన్‌కు 42 మ్యాచ్‌లు, అందులో 21 సొంత మైదానంలో. నేను చూసిన క్లబ్బు ఈ ఏడో అంచెది.

ఈ స్థాయిలో ఆటగాళ్లకు ఫుట్‌బాల్ రెండో ఉద్యోగం. పగలు ప్లంబింగ్ చేసేవాళ్లు, బడిలో వ్యాయామం నేర్పేవాళ్లు, పార్సిల్ వ్యాన్లు నడిపేవాళ్లు మంగళ, గురువారాల్లో సాయంత్రం ప్రాక్టీసుకు వస్తారు. శుక్రవారం జీతం పడుతుంది, శనివారం మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్ ఆడతారు. టర్న్‌స్టైల్ (తిరిగే ప్రవేశ గేటు) దగ్గర టికెట్లు ఇచ్చేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, టీ కొట్టు నడిపేవాళ్లు, జెర్సీలు ఉతికేవాళ్లు మాత్రం పైసా తీసుకోకుండా చేస్తారు.

టికెట్లు, బార్, టీ కొట్టు, మైదానం చుట్టూ ప్రకటన బోర్డులు, హాఫ్‌టైమ్ లాటరీ, ఇంతే ఆదాయం. ఇదంతా కలిపినా ఆటగాళ్ల జీతాలకే చాలదు. ఆ లోటును పదేళ్లకు పైగా చైర్మన్ పూడుస్తూ వచ్చారు. చుట్టుపక్కల ఇళ్లు కట్టే వ్యాపారం ఆయనది. ఇచ్చిన ప్రతి పౌండునూ క్లబ్బుకు అప్పుగా రాయించి, క్లబ్బు ఆస్తుల మీద ఫ్లోటింగ్ చార్జ్ (అప్పు తీరకపోతే ఆ ఆస్తుల నుంచి రాబట్టుకునే హక్కు) తీసుకున్నారు. చిన్నప్పుడు తండ్రితో కలిసి అదే మైదానంలో మ్యాచ్‌లు చూస్తూ పెరిగిన మనిషి, క్లబ్బంటే ప్రాణం. అయినా ఒక్కరి జేబు మీద నడిచే జట్టుకు ఆ జేబు ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలియదు. మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చిలో గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన జట్టు, 2023-24 సీజన్ వచ్చేసరికి జీతాల బకాయిలతో, మధ్యలోనే వెళ్లిపోయిన ఆటగాళ్లతో పట్టికలో అట్టడుగున మిగిలింది.

ఇంగ్లాండ్‌లో 2025లో వచ్చిన ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం క్లబ్బుల ఆర్థిక వ్యవహారాలపై స్వతంత్ర నియంత్రణ సంస్థను తెచ్చింది గానీ, దాని పరిధి పై ఐదు అంచెల వరకే. ఏడో అంచె క్లబ్బు తన లెక్కలు తానే చూసుకోవాలి.

సమస్య ఎలా ముదిరింది

సెప్టెంబర్‌లో, చిన్నా పెద్దా క్లబ్బులు కలిసి ఆడే నాకౌట్ పోటీ ఎఫ్‌ఏ కప్ క్వాలిఫయింగ్ రౌండ్‌లో జట్టు ఓడింది. అక్కడ మూడు రౌండ్లు గెలుస్తామని బడ్జెట్‌లో ప్రైజ్‌మనీని ముందే ఆదాయంగా రాసుకున్నారు. అక్టోబర్‌లో చైర్మన్ తన వ్యాపారం దెబ్బతిన్నదని, నెలాఖరు తర్వాత ఇక ఇవ్వలేనని చెప్పారు. మరుసటి వారమే మేనేజర్ పొరుగు ఊరి క్లబ్బుకు వెళ్లిపోయాడు.

నాన్-లీగ్‌లో చాలామంది ఆటగాళ్లకు కాంట్రాక్టు ఉండదు. అలాంటి ఆటగాడు కావాలనుకున్న క్లబ్బు, అతని ప్రస్తుత క్లబ్బుకు ఏడు రోజుల నోటీసు ఇస్తే చాలు, ఆ తర్వాత నేరుగా మాట్లాడుకోవచ్చు. ఏడు రోజుల నోటీసులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మొదటి పదకొండు మందిలో సగానికి పైగా పాత మేనేజర్ వెంట వెళ్లిపోయారు. నవంబర్‌లో వానలు పట్టుకున్నాయి. మైదానంలో నీళ్లు నిలిచి సొంతగడ్డ మీద మ్యాచ్‌లు వరుసగా వాయిదా పడ్డాయి. శనివారం మ్యాచ్ వాయిదా పడితే దాన్ని మంగళవారం రాత్రికి మారుస్తారు. చలిలో, మర్నాడు ఆఫీసు పెట్టుకుని వచ్చే జనం తక్కువ. జీతాలు మాత్రం ఏ శుక్రవారానికి ఆ శుక్రవారం పోతూనే ఉంటాయి.

పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ నుంచి వైండింగ్-అప్ పిటిషన్ (కంపెనీని మూయించమని కోర్టును కోరే దరఖాస్తు) వేస్తామన్న హెచ్చరిక వచ్చాక కోశాధికారి మా ఆఫీసుకు ఫోన్ చేశారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన. కమిటీ నన్ను అడిగిన మొదటి ప్రశ్న మాత్రం వేరు: ఒక స్ట్రైకర్‌ను తెచ్చుకోవడానికి డబ్బు ఎక్కడ పుడుతుంది? వాళ్ల కళ్లన్నీ పాయింట్ల పట్టిక మీదే ఉన్నాయి.

ముందు తేల్చుకోవాల్సింది

నా మొదటి నిర్ణయం, సమస్య ఏమిటో కమిటీ చేత ఒప్పించడం. రెండు పతనాలను పక్కపక్కన పెట్టి చూపించాను. లీగ్‌లో కింది నాలుగు స్థానాల్లో ఉంటే ఎనిమిదో అంచెకు దిగుతారు. టికెట్ల అమ్మకం కొంత తగ్గుతుంది, జీతాల ఖర్చు అంతకంటే ఎక్కువ తగ్గించుకోవచ్చు. క్లబ్బును నడిపే కంపెనీ లిక్విడేషన్‌కు (ఆస్తులు అమ్మి, అప్పులకు పంచి మూసేయడానికి) వెళితే లీగ్ సభ్యత్వమే పోతుంది. 1972లో ఎఫ్‌ఏ కప్‌లో న్యూకాసిల్‌ను ఓడించిన హియర్‌ఫర్డ్ యునైటెడ్ సంగతి ఇక్కడ ఫుట్‌బాల్ తెలిసినవాళ్లందరికీ తెలుసు. 2014 డిసెంబర్‌లో కోర్టు దాన్ని మూయించినప్పుడు అది ఏడో అంచెలోనే ఉంది. అభిమానులు పెట్టుకున్న కొత్త క్లబ్బు తొమ్మిదో అంచె నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. 2020 సెప్టెంబర్‌లో 5 లక్షల పౌండ్లకు పైగా అప్పులతో మూతపడిన మాకల్స్‌ఫీల్డ్ టౌన్‌ది ఐదో అంచె. దాని వారసురాలు కూడా తొమ్మిదో అంచెలోనే అడుగుపెట్టింది.

మా క్లబ్బుకు ఇంకో ముప్పు కూడా ఉంది. మైదానం పురపాలక సంస్థది, క్లబ్బుకున్నది దీర్ఘకాలపు లీజు. కంపెనీ దివాలా తీస్తే లీజు రద్దు చేసుకునే హక్కు యజమానికి ఉంది. జట్టు లేకపోతే మళ్లీ కట్టుకోవచ్చు. ఊళ్లో అలాంటి ఇంకో మైదానం దొరకదు. కాబట్టి క్రమం ఇలా ఉండాలన్నాను: ముందు మైదానం, తర్వాత కంపెనీ, ఆ తర్వాతే డివిజన్. ఆ రాత్రి ఇద్దరు కమిటీ సభ్యులు లేచి వెళ్లిపోయారు. వాళ్ల బాధ నాకు అర్థమైంది. ముప్పై ఏళ్లుగా ప్రతి శనివారాన్నీ ఆ జట్టుకే ఇచ్చిన మనుషుల ముందు నేను దిగజారడం గురించి మాట్లాడుతున్నాను.

తర్వాత అసలు అప్పు ఎంతో చూశాం. టికెట్ 12 పౌండ్లు. అందులో 2 పౌండ్లు వ్యాట్, అంటే ప్రభుత్వానివి. క్లబ్బు పన్నెండూ తనవే అనుకుని ఖర్చుపెట్టేసింది. పైగా ఆటగాళ్ల చెల్లింపుల్లో కొంత భాగాన్ని ప్రయాణ ఖర్చుల పేరుతో, మైలుకు 45 పెన్నీల చొప్పున, పన్ను కోయకుండా ఇచ్చారు. ఆ రేటు పని మీద చేసే ప్రయాణాలకు. ఇంటి నుంచి ప్రతివారం వెళ్లే సొంత మైదానానికి వర్తించదు. ఆ లెక్కన హెచ్‌ఎంఆర్‌సీ లేఖలో ఉన్నదానికంటే అసలు బకాయి ఎక్కువ.

చెప్పాలా, ఊరుకోవాలా? కోశాధికారి భయపడ్డారు. నా వాదన ఇది. బకాయిని వాయిదాల్లో కట్టే ఒప్పందం హెచ్‌ఎంఆర్‌సీని అడగబోతున్నాం. ఆ ఒప్పందం కుదిరాక ఈ ప్రయాణ ఖర్చుల సంగతి బయటపడితే ఒప్పందం కూలుతుంది, నమ్మకమూ పోతుంది. వాళ్లు అడగకముందే మనం చెబితే జరిమానా తగ్గుతుంది. చెప్పేశాం.

ఫలించని ప్రయత్నాలు

నేను వెళ్లకముందే ఆన్‌లైన్‌లో విరాళాల సేకరణ జరిగింది. వారం రోజులు డబ్బు బాగానే వచ్చింది, తర్వాత ఆగిపోయింది. వచ్చిందంతా ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉన్న మామూలు ఖాతాలోనే వేశారు. కొన్ని జీతాలు ఇచ్చేసరికి జాడ లేకుండా పోయింది. ఇచ్చినవాళ్లు తమ డబ్బు దేనికి వెళ్లిందని అడిగితే చూపించడానికి ఏమీ లేదు. అదే జనాన్ని రెండోసారి అడిగే దారి అక్కడ మూసుకుపోయింది.

కొత్త మేనేజర్ అనుభవమున్న ఆటగాళ్లు ముగ్గురిని తెచ్చుకుంటానన్నాడు. కమిటీ ఒప్పుకుంది. ఒకరు కండరం పట్టేసి రెండో మ్యాచ్‌కే ఆగిపోయాడు. అసలు దెబ్బ ఇంకోచోట తగిలింది. కష్టకాలంలో వెళ్లకుండా నిలబడిన పాత ఆటగాళ్లకు, కొత్తగా వచ్చినవాళ్లు తమకు రెండింతలు తీసుకుంటున్నారని తెలిసింది. డ్రెస్సింగ్ రూమ్‌లో ఇలాంటివి దాగవు.

మూడోది ఒక పెట్టుబడిదారు. అప్పులన్నీ తీరుస్తానన్నాడు, జీతాలు ఇస్తానన్నాడు. షరతు ఒక్కటే: మైదానం లీజును భద్రత కోసం తన ఇంకో కంపెనీ పేరు మీదికి మార్చాలి. కమిటీలో సగం మంది చేతులెత్తి మొక్కడానికి సిద్ధంగా ఉన్నారు. ఆ సగాన్ని ఆపడం ఈ కేసు మొత్తంలో నాకు అన్నిటికంటే కష్టమైన పని. లీజు చేతికి వచ్చాక ఆయనకు జట్టు అవసరం ఏముంటుందని అడిగాను. జవాబు ఎవరి దగ్గరా లేదు. క్లబ్బు అభిమానుల సంఘమైన అభిమానుల ట్రస్టు కార్యదర్శి, ఒక బడి పంతులమ్మ, అదే వారం పురపాలక సంస్థకు దరఖాస్తు పెట్టారు. 2011 లోకలిజం చట్టం కింద ఒక స్థలాన్ని సమాజానికి విలువైన ఆస్తిగా నమోదు చేయించుకుంటే, దాన్ని అమ్మబోయేటప్పుడు స్థానిక సంఘం ముందుకొస్తే ఆరు నెలల గడువు దొరుకుతుంది. పాతికేళ్లు, అంతకు మించిన లీజుల బదిలీకీ అదే నియమం. దరఖాస్తు సంగతి తెలిశాక పెట్టుబడిదారు ఫోన్లు ఆగిపోయాయి.

అడ్మినిస్ట్రేషన్‌కు, అంటే అప్పులవాళ్ల నుంచి చట్టం రక్షణతో కంపెనీని బయటి నిపుణుడైన అడ్మినిస్ట్రేటర్ చేతికి అప్పగించడానికి, వెళ్లే దారినీ పరిశీలించాం. అడ్మినిస్ట్రేటర్ ఫీజులే క్లబ్బు ఆస్తుల విలువను మింగేస్తాయి, పైగా లీగ్ పది పాయింట్లు కోస్తుంది. వద్దనుకున్నాం.

టీ కొట్టు నోట్‌బుక్

పదమూడు వారాల నగదు అంచనా, అంటే ఏ వారం ఎంత వస్తుందో ఎంత పోతుందో లెక్క, వేయాలంటే ఏ మ్యాచ్‌కు ఎంతమంది వస్తారో తెలియాలి. క్లబ్బు ఖాతాల్లో నెల మొత్తం ఒక్క అంకెగా ఉంది, దానితో పని జరగదు. టీ కొట్టు నడిపే పెద్దావిడ ఇది విని, కౌంటర్ కింద నుంచి నూనె మరకలు పడ్డ ఒక పొడవాటి నోట్‌బుక్ తీశారు. మీట్ పైలు (మాంసం కూరి కాల్చినవి) ఎన్ని తెప్పించాలో తెలియడానికి ఏళ్ల తరబడి రాసుకున్న పుస్తకం. తేదీ, ప్రత్యర్థి జట్టు, వాన ఉందా, గాలి ఉందా, శనివారమా మంగళవారమా, ఎన్ని తెప్పించారు, ఎన్ని మిగిలాయి. కొన్ని పేజీల్లో పక్కన చిన్న గమనికలు కూడా ఉన్నాయి: ఆ రోజు పెద్ద క్లబ్బు మ్యాచ్ టీవీలో వచ్చింది, బస్సులు నడవలేదు, ప్రత్యర్థుల వెంట రెండు బస్సుల జనం వచ్చారు.

అమ్ముడైన పైల సంఖ్యను మనకు దొరికిన కొన్ని మ్యాచ్‌ల టికెట్ రోల్ నంబర్లతో సరిపోల్చాం. రెండూ కలిసి నడిచాయి. దాంతో మిగిలిన ప్రతి హోమ్ మ్యాచ్‌కూ రెండు అంకెలు వేసుకున్నాం, వాన లేకపోతే ఒకటి, ఉంటే ఒకటి. వాన అంకెలతో కూడితే జనవరి మూడో శుక్రవారం జీతాలకు డబ్బు ఉండదని తేలింది. డిసెంబర్ మొదట్లోనే అది మా చేతిలో ఉంది. కమిటీలో వాదనలు ఆ రోజుతో తగ్గాయి, ఎందుకంటే అందరూ ఒకే తేదీ చూస్తున్నారు.

ఆ తేదీని ఆటగాళ్లకు చెప్పాలా వద్దా అన్నది తర్వాతి నిర్ణయం. మేనేజర్ వద్దన్నాడు, ఉన్నవాళ్లు కూడా పోతారని. పోయేవాళ్లు ఎలాగూ జీతం ఆగిన రోజున పోతారు, అప్పుడు కోపంతో పోతారు, అందరూ ఒకేసారి పోతారు అన్నాను. గురువారం ప్రాక్టీసు తర్వాత డ్రెస్సింగ్ రూమ్‌లో ఆ కాగితం అందరికీ పంచాం. కొత్తా పాతా తేడా లేకుండా అందరికీ ఒకే మొత్తం, ఇప్పటిదాకా ఇచ్చినదాంట్లో ఇంచుమించు సగం, కానీ సీజన్ చివరి శుక్రవారం వరకు పడుతుంది. ఇష్టం లేనివాళ్లను ఏడు రోజులు కూడా ఆపకుండా వదిలేస్తామన్నాం. ప్లంబింగ్ చేసే కెప్టెన్ ఒకే ప్రశ్న అడిగాడు: "ఇది వాన అంకెలతో వేసిందేనా?" అవునన్నాను. నలుగురు వెళ్లారు, మిగతావాళ్లు సంతకం పెట్టారు. ఖాళీలను క్లబ్బు యువ జట్టు కుర్రాళ్లతోనూ, పై అంచె క్లబ్బు అకాడమీ నుంచి అనుభవం కోసం అరువు వచ్చిన ఇద్దరితోనూ నింపారు.

చైర్మన్‌తో, కోర్టుతో

పాత బకాయికి ఒకేసారి కొంత కట్టాలి, అది లేకుండా హెచ్‌ఎంఆర్‌సీ వాయిదాలకు ఒప్పుకోదు. వచ్చే సీజన్ టికెట్లను ఇప్పుడే తగ్గింపు ధరకు అమ్ముదామన్న ప్రతిపాదన వచ్చింది. నేను గట్టిగా అడ్డుపడ్డాను. వచ్చే సీజన్ ఉంటుందో లేదో తెలియకుండా జనం దగ్గర దానికి డబ్బు తీసుకోవడం తప్పు. చట్టం దృష్టిలో కూడా, బతికే అవకాశం లేదని తెలిసీ అప్పులు పెంచితే 1986 ఇన్సాల్వెన్సీ చట్టం 214వ సెక్షన్ కింద డైరెక్టర్లు సొంత ఆస్తులతో బాధ్యులవుతారు.

బదులుగా అభిమానుల ట్రస్టు కమ్యూనిటీ షేర్లు అమ్మింది. ఎవరు ఎంత పెట్టినా ఒక్కరికి ఒకే ఓటు. ఆ డబ్బును క్లబ్బు ఖాతాకు తాకనివ్వలేదు. ట్రస్టు పేరున వేరే ఖాతాలో ఉంచి, చైర్మన్ తన అప్పు వదులుకుని క్లబ్బును ట్రస్టుకు అప్పగిస్తేనే బయటికి తీస్తామని, లేదంటే ఎవరిది వాళ్లకు తిరిగిస్తామని ముందే రాసి ఇచ్చారు. విరాళాల సేకరణకు మొహం చాటేసినవాళ్లు కూడా ఈసారి ఇచ్చారు. డబ్బు ఎక్కడుందో, ఏ షరతు మీద కదులుతుందో వాళ్లకు తెలుసు.

చైర్మన్‌తో మాట్లాడే పని నాకు అప్పగించారు. చాలామంది ఆయన్ను బెదిరించాలన్నారు. నేను ఒక కాగితం తీసుకెళ్లాను. 2020 డిసెంబర్ 1 నుంచి, లిక్విడేషన్‌లో వ్యాట్, జీతాల నుంచి కోయాల్సిన పన్నుల బకాయిలు ఫ్లోటింగ్ చార్జ్ ఉన్నవాళ్లకంటే ముందు వరసలోకి వచ్చాయి. క్లబ్బు మూతపడితే వచ్చే డబ్బెంత, అందులో లిక్విడేటర్‌కెంత, హెచ్‌ఎంఆర్‌సీకెంత, ఆఖర్న ఆయనకెంత, వరసగా రాసి ఉంది. ఆఖరి గడిలో సున్నా. తన చార్జ్ అందరికంటే ముందుంటుందని ఆయన అప్పటిదాకా నమ్ముతున్నారు. చాలాసేపు ఆ కాగితం చూసి, తన లాయర్‌కు చూపిస్తానన్నారు. అప్పులో ఎక్కువ భాగం వదులుకున్నారు. మిగిలినది క్లబ్బు ఎప్పుడైనా పై అంచెకు వెళితే వాయిదాల్లో ఇచ్చేలా రాసుకున్నాం. ఆయన పెట్టినదాన్ని ఊరు మరిచిపోలేదని ఒప్పందంలోనే ఒక వాక్యం ఉండాలని ట్రస్టు కార్యదర్శి పట్టుబట్టారు. అది చట్టపరంగా అక్కర్లేని వాక్యమే, కానీ సంతకం పెట్టించింది అదేనని నా అభిప్రాయం.

ఈలోగా పిటిషన్ కోర్టులో పడింది. ఇక్కడ గడియారంతో పోటీ. పిటిషన్‌ను గెజిట్‌లో ప్రకటిస్తే బ్యాంకు ఖాతా స్తంభిస్తుంది. పిటిషన్ వేసిన నాటి నుంచి కంపెనీ చేసే చెల్లింపులు, కోర్టు అనుమతి లేకపోతే, తర్వాత చెల్లకుండా పోయే ప్రమాదముంది. అందుకని ఒకేసారి కట్టాల్సిన మొత్తాన్ని క్లబ్బు ద్వారా కాకుండా ట్రస్టే నేరుగా హెచ్‌ఎంఆర్‌సీకి కట్టింది. ఆ వారాల్లో ఆటగాళ్ల జీతాలూ ట్రస్టు ఖాతా నుంచే వెళ్లాయి. పదమూడు వారాల అంచనా, ప్రయాణ ఖర్చుల గురించి ముందే ఇచ్చిన వివరణ, చైర్మన్ సంతకం, మూడూ కలిపి పంపాం. ప్రకటన ఆగింది. విచారణ వాయిదా పడింది, తర్వాత పిటిషన్ కొట్టివేశారు. మిగతా బకాయికి నెలవారీ వాయిదాలు కుదిరాయి. అనుకున్న జనవరి శుక్రవారం జీతాలు పడ్డాయి.

ఫలితం, నేను నేర్చుకున్నవి

జట్టు కింది నుంచి మూడో స్థానంలో నిలిచి ఎనిమిదో అంచెకు దిగింది. ఫిబ్రవరి తర్వాత కుర్రాళ్లు బాగానే ఆడారు గానీ, శరదృతువులో పోయిన పాయింట్లు తిరిగి రాలేదు.

ఇలాంటి కేసు మళ్లీ వస్తే నేను ముందు ఆడిటర్ లెక్కలు అడగను, వంటగదిలోనూ గేటు దగ్గరా పనిచేసేవాళ్లు సొంతంగా ఏం రాసుకుంటున్నారో అడుగుతాను. ఇంకొకటి, తీరని అప్పుల మధ్య బేరమాడేటప్పుడు మూతపడితే ఎవరికెంత వస్తుందన్న పట్టికను మొదటి వారంలోనే వేయాలి. చైర్మన్, పన్నుల శాఖ, ట్రస్టు తమ తమ స్థానం చూసుకున్నది ఆ పట్టికలోనే. జీతం తగ్గించడం గురించి నా అంచనా కూడా మారింది. సగం జీతానికి అంతమంది నిలబడతారని నేను అనుకోలేదు. తర్వాత కెప్టెన్‌ను అడిగితే, ఇంటి వాయిదా కట్టేవాడికి తక్కువ జీతం కంటే తెలియని జీతమే ఎక్కువ భారమన్నాడు.

తీరని పని ఒకటి మిగిలే ఉంది. మైదానంలో నీళ్లు ఇంకా నిలుస్తూనే ఉన్నాయి. కృత్రిమ గడ్డి పరచాలని కమిటీలో ఒక వర్గం పట్టుదలగా ఉంది. వారమంతా అద్దెకివ్వొచ్చు, మ్యాచ్‌లు వాయిదా పడడం తప్పుతుంది, ఫుట్‌బాల్ ఫౌండేషన్ గ్రాంటు కూడా అడగొచ్చు. కొన్నేళ్లకోసారి ఆ గడ్డిని మొత్తం మార్చాలి, దానికి ఏటా డబ్బు పక్కన పెట్టాలి. పన్ను వాయిదాలు తీరేవరకు పక్కన పెట్టేంత మిగలదని అంచనా చెబుతోంది. ముందు పాత డ్రైనేజీ పైపులు తవ్వించి బాగుచేయమని చెప్పాను. దానికి కొటేషన్లు తెప్పిస్తున్నారు.